సిట్రస్ గ్లేజ్‌తో పోర్క్ రోస్ట్: ఏ ముక్క తీసుకోవాలి, పులుపు ఎప్పుడు కలపాలి?

నారింజ రసం, తేనె కలిపిన గ్లేజ్‌తో (మాంసం మీద మెరుపు కోసం పూసే తియ్యటి పూతతో) పోర్క్ రోస్ట్ చేద్దామనుకోగానే చాలామంది ఆలోచన నేరుగా గ్లేజ్ మీదికి పోతుంది. తేనె వేయాలా, బ్రౌన్ షుగర్ వేయాలా? నారింజ మంచిదా, నిమ్మ మంచిదా? నన్నడిగితే ఇవన్నీ తర్వాతి సంగతులు. ముందు తేల్చుకోవాల్సింది ఏ ముక్క కొంటున్నాం అన్నది. ఎంతసేపు ఊరబెట్టాలి, ఓవెన్ ఎంత వేడి మీద ఉండాలి, గ్లేజ్ ఎప్పుడు పూయాలి, మిగిలింది మర్నాటికి పనికొస్తుందా లేదా అన్నీ ఆ ముక్కను బట్టే ఉంటాయి. ఒకే గ్లేజ్ ఒక ముక్క మీద నిగనిగలాడుతుంది, ఇంకో ముక్క మీద మాడి చేదెక్కుతుంది. తప్పు గ్లేజ్‌ది కాదు, ఆ ముక్కకు సరిపడని సమయంలో పూయడం వల్ల వచ్చిందది.

ముక్కల్లో తేడా

రోస్ట్‌కు సాధారణంగా దొరికేవి నాలుగు: టెండర్‌లాయిన్, లాయిన్, షోల్డర్ (భుజం), బెల్లీ (పొట్ట భాగం).

టెండర్‌లాయిన్, లాయిన్ పేర్లు దగ్గరగా ఉండడంతో చాలామంది ఒకదానికి బదులు ఇంకొకటి కొనేస్తారు. రెండూ వేరు. టెండర్‌లాయిన్ వెన్నెముకకు లోపలి వైపున ఉండే సన్నటి, పొడవాటి కండ. బరువు అర కేజీ అటూ ఇటూ. జంతువు ఆ కండను పెద్దగా వాడదు కాబట్టి చాలా మెత్తగా ఉంటుంది, కొవ్వు దాదాపు ఉండదు. లాయిన్ వెన్ను వెంబడి బయటి వైపున ఉండే పెద్ద ముక్క. కేజీ నుంచి రెండు కేజీల దాకా తీసుకోవచ్చు, పైన ఒక పక్క కొవ్వు పొర ఉంటుంది. టెండర్‌లాయిన్‌కు చెప్పిన సమయం లాయిన్‌కు పెడితే లోపల పచ్చిగా మిగిలిపోతుంది. లాయిన్ సమయం టెండర్‌లాయిన్‌కు పెడితే ఎండు కట్టె.

టెండర్‌లాయిన్‌తో ఉన్న మంచి అంతా తొందరగా అయిపోవడమే. 200 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో 20 నుంచి 25 నిమిషాలు చాలు. కానీ గ్లేజ్ దృష్టితో చూస్తే అదే దాని లోపం కూడా. తీపి గ్లేజ్ రంగు తిరిగి, అతుక్కుని, పొరలా తయారవడానికి కొంత సమయం కావాలి. ఆ సమయం వచ్చేలోపే మాంసం ఉడికిపోతుంది. అందుకే టెండర్‌లాయిన్ ఎంచుకుంటే ముందు పెనం మీద అన్ని వైపులా ఎర్రగా కాల్చి, గ్లేజ్‌ను పొయ్యి మీదే బాగా చిక్కబరిచి, ఓవెన్‌లో ఒకటి రెండు సార్లు మాత్రం పూయాలి. వారం మధ్యలో ఇద్దరు ముగ్గురికి వండుకోవడానికి ఇది మంచి ఎంపిక. పదిమందిని పిలిచిన రోజు మాత్రం వద్దంటాను.

లాయిన్ నాకు బాగా నచ్చిన ముక్క. మొదటిసారి చేసేవాళ్లకు కూడా ఇదే చెప్తాను. ఒకటిన్నర కేజీ ముక్క 180 డిగ్రీల దగ్గర సుమారు గంట నుంచి గంటంపావు తీసుకుంటుంది. గ్లేజ్ మూడు పూతలు తీరిగ్గా పడడానికి ఆ సమయం సరిగ్గా సరిపోతుంది. కొవ్వు పొర పైకి ఉండేలా పెడితే అది కరుగుతూ కిందికి జారి మాంసాన్ని కాస్త కాపాడుతుంది. ఆ పొర మీద కత్తితో అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టండి, కింద మాంసం దాకా దిగకుండా. కరిగే కొవ్వు బయటికి రావడానికి, గ్లేజ్ లోపలికి దిగడానికి ఆ గాట్లే దారి. కోసినప్పుడు గుండ్రటి ముక్కలు అందంగా వస్తాయి. దీనికున్న ఒకే ఒక షరతు మాంసంలో గుచ్చి లోపలి వేడి చూసే థర్మామీటర్. దించాల్సిన వేడి కంటే అయిదారు డిగ్రీలు ఎక్కువైందంటే పిండిపిండిగా ఎండిపోతుంది.

షోల్డర్ లెక్క వేరు. భుజం కండ పని చేసిన కండ. అందులో కొవ్వు, కండను పట్టి ఉంచే గట్టి ప్రొటీన్ అయిన కొల్లాజెన్ ఎక్కువ. ఆ కొల్లాజెన్ కరిగి మెత్తటి జిలాటిన్‌గా మారాలంటే మాంసం లోపల 90 డిగ్రీల దాకా నిదానంగా వెళ్లాలి. రెండు కేజీల ముక్కకు 150 డిగ్రీల ఓవెన్‌లో నాలుగు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మధ్యలో 65-75 డిగ్రీల దగ్గర థర్మామీటర్ ముల్లు కదలకుండా ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఓవెన్ చెడిపోయిందేమోనని టెన్షన్ పడక్కర్లేదు. మాంసం పైన తేమ ఆవిరవుతూ చల్లబరచడం వల్ల అలా జరుగుతుంది. ఫాయిల్ కప్పితే ముందుకు కదులుతుంది. సమయం ఎక్కువైనా షోల్డర్ చాలా మన్నించే ముక్క. అరగంట అటూ ఇటూ అయినా పాడవదు. ఓవెన్ దగ్గర నిలబడలేనివాళ్లు, అతిథులు ఎప్పుడొస్తారో తెలియనివాళ్లు దీన్ని తీసుకోవడం మేలు.

బెల్లీ గురించి ఒక్క మాట. దాన్ని కొనేది పైన తోలు కరకరలాడాలని. తీపి గ్లేజ్ తోలును మెత్తబరుస్తుంది. కరకరా కావాలంటే గ్లేజ్ వదిలేయండి. లేదా తోలు తీసేసిన బెల్లీ తీసుకోండి.

ఊరబెట్టడంలో రసం ఎంత?

నారింజ రసంలో, నిమ్మరసంలో మాంసాన్ని రాత్రంతా ఊరబెడితే లోపలిదాకా రుచి దిగి మెత్తబడుతుందని చాలా వంటకాల్లో చూస్తాం. నిజానికి పులుపు కొన్ని మిల్లీమీటర్ల కంటే లోతుకు పెద్దగా పోదు. అనాసలో, పచ్చి బొప్పాయిలో ఉన్నట్టు మాంసాన్ని విడగొట్టే ఎంజైమ్ నారింజ రసంలో లేదు. పులుపు చేసేదల్లా పైపొరలోని ప్రొటీన్‌ను గట్టిపరచడం. కాసేపు ఉంచితే రుచి వస్తుంది. చాలాసేపు ఉంచితే పైభాగం తెల్లబడి, ఉడికాక సున్నపు ముద్దలా నోటికి తగులుతుంది. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.6 మధ్య ఉంటుంది, నారింజ రసానిది సుమారు 3.3 నుంచి 4.2 (ఈ అంకె ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ). అందుకే నిమ్మ చేసే హాని నారింజ కంటే చాలా వేగంగా కనబడుతుంది.

రెండో ఇబ్బంది రంగు. మాంసం ఎర్రగా కాలడం అనే చర్య పులుపులో నెమ్మదిస్తుంది. పైగా పైన తడి ఉంటే ఓవెన్ వేడిలో సగం ఆ తడిని ఆవిరి చేయడానికే పోతుంది. రసంలో మునిగి తేలిన ముక్క చాలాసేపు పాలిపోయి ఉండడానికి కారణం ఇదే.

లోపలికి నిజంగా దిగేది ఉప్పు. కాబట్టి నా మాట ఇది: ఊరబెట్టేటప్పుడు ఉప్పు, తొక్క తురుము, వెల్లుల్లి, మిరియాలు, కొంచెం నూనె. రసం గ్లేజ్‌లోకి. నారింజ వాసన అంటే మనకు తెలిసేది ఎక్కువగా తొక్కలోని నూనెలదే. ఆ నూనెలు కొవ్వులో కరుగుతాయి, నూనెతో కలిపి రుద్దితే మాంసాన్ని పట్టుకుని ఉంటాయి, పులుపు బెడద ఉండదు. కేజీ మాంసానికి సన్నటి ఉప్పు 10 నుంచి 12 గ్రాములు, అంటే సుమారు రెండు చిన్న చెంచాలు. సోయా సాస్ వేస్తే ఉప్పు ఆ మేరకు తగ్గించాలి. రెండు నారింజల తొక్క తురుము, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు దంచి, రెండు పెద్ద చెంచాల నూనె. తొక్క తురిమేటప్పుడు పైన ఉన్న రంగు వరకే. తెల్లపొర తగిలిందంటే చేదు వస్తుంది.

లాయిన్‌కు, షోల్డర్‌కు ఈ మిశ్రమం పట్టించి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచవచ్చు. టెండర్‌లాయిన్‌కు రెండు మూడు గంటలు చాలు. రసంతోనే ఊరబెట్టాలని మనసు పడితే నారింజ రసం వాడండి, టెండర్‌లాయిన్‌కు రెండు గంటలు, లాయిన్‌కు నాలుగు గంటలు మించకండి. షోల్డర్‌కు పులుపు వల్ల అంత నష్టం లేదు. ముక్క పెద్దది, పైపొర మొత్తంలో చిన్న భాగం, ఎలాగూ గంటల తరబడి ఉడికి విడిపోతుంది. గాజు గిన్నె, స్టీలు గిన్నె, జిప్ కవర్ ఏదైనా పర్వాలేదు. పులుపు ఉన్నప్పుడు అల్యూమినియం, రాగి గిన్నెలు మాత్రం వద్దు.

ఊరబెట్టడానికి వాడిన రసాన్ని పారబోయడానికి మనసొప్పక గ్లేజ్‌లో పోస్తుంటారు. పచ్చి మాంసం తగిలిన రసం అది. బాగా మరగబెట్టకుండా వాడకూడదు. అసలు గ్లేజ్‌కు రసం ముందే వేరుగా తీసి పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. ఓవెన్‌లో పెట్టే ముందు మాంసాన్ని పేపర్ టవల్‌తో పొడిగా తుడవడం మరవద్దు. రెండు నిమిషాల పని, రంగులో తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఏ పండు, ఏ తీపి

తియ్యటి నారింజ, కమలా అయితే గ్లేజ్‌కు తీపి కూడా అవే కొంత తెస్తాయి, కానీ వాటిల్లో పులుపు చాలదు. మరిగి చిక్కబడ్డాక తీపే పైకి తేలి మొహం మొత్తుతుంది. అందుకే నారింజ రసంలో ఒకటి రెండు చెంచాల నిమ్మరసం తప్పకుండా కలపాలి, అదీ గ్లేజ్ దించేముందు. నిమ్మ ఒక్కటే పెడితే అంత రసానికి సరిపడా పంచదార పోయాల్సి వస్తుంది, గ్లేజ్ కాస్తా పుల్లటి పాకం అయిపోతుంది. గ్రేప్‌ఫ్రూట్ చేదు ఇష్టమైనవాళ్లకు. చిక్కబడేకొద్దీ ఆ చేదూ పెరుగుతుంది, కాబట్టి సగం గ్రేప్‌ఫ్రూట్, సగం నారింజ కలుపుకోవడం మంచిది. బత్తాయి రసం, నేవెల్ నారింజ రసం నిలవ ఉంటే చేదెక్కుతాయి. పిండిన వెంటనే వాడాలి, గింజలు నలగకుండా పిండాలి. ప్యాకెట్ రసం వాడొచ్చా అంటే వాడొచ్చు, పంచదార కలపనిది అయితే. తొక్క తురుము కోసం ఒక పండైనా మాత్రం కొనాల్సిందే.

తీపిలో పోటీ తేనెకు, బ్రౌన్ షుగర్‌కు, మార్మలేడ్‌కు (నారింజ తొక్కలతో చేసే జామ్‌కు) మధ్య. తేనెలో ఫ్రక్టోజ్ అనే పండ్ల చక్కెర ఎక్కువ. మామూలు పంచదార 160 డిగ్రీల దాకా ఓపిక పడితే ఫ్రక్టోజ్ 110 దగ్గరే రంగు మారడం మొదలెడుతుంది. అంటే తేనె త్వరగా మెరుపు తెస్తుంది, త్వరగా మాడుతుంది కూడా. టెండర్‌లాయిన్‌కు సమయం తక్కువ కాబట్టి తేనె సరిగ్గా సరిపోతుంది. షోల్డర్‌కు బ్రౌన్ షుగర్ బాగుంటుంది, దానిలోని మొలాసిస్ (చెరకు మడ్డి) రుచి కొవ్వు మాంసానికి జోడీ. లాయిన్‌కు నా ఓటు మార్మలేడ్‌కే. అందులో తొక్క, పులుపు, తీపి, జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ అన్నీ ముందే ఉన్నాయి. పెక్టిన్ వల్ల మాంసం మీద నిలబడి అతుక్కుంటుంది, రసం మరగబెట్టే పని తప్పుతుంది. 150 గ్రాముల మార్మలేడ్‌లో రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, ఒక పెద్ద చెంచా ఆవ పేస్ట్, చిటికెడు ఉప్పు, కొంచెం అల్లం తురుము వేసి కరిగిస్తే గ్లేజ్ సిద్ధం. చేదు నారింజతో చేసిన మార్మలేడ్ దొరికితే ఇంకా మంచిది.

మార్మలేడ్ లేకపోతే 250 మిల్లీలీటర్ల నారింజ రసం, నాలుగు పెద్ద చెంచాల తేనె, ఒక పెద్ద చెంచా సోయా సాస్, అల్లం, వెల్లుల్లి వేసి వెడల్పాటి గిన్నెలో మరగనివ్వండి. మొదట్లో నురగ పైకి పొంగుతుంది, బుడగలు చిన్నగా, వేగంగా వస్తుంటాయి. పది పదిహేను నిమిషాలకు నురగ అణుగుతుంది, బుడగలు పెద్దవై బరువుగా పగలడం మొదలవుతుంది. గరిటె వెనక వేలితో గీస్తే గీత పూడిపోకుండా నిలిచిందా, అక్కడ ఆపేయాలి. పాకం భాషలో చెప్పాలంటే లేతపాకం. తీగపాకం దాకా పోనిస్తే చల్లారాక బ్రష్‌కే అంటుకుపోతుంది, మాంసం మీద పరచుకోదు. మరీ పల్చగా దించితే పూసింది పూసినట్టే ట్రేలోకి జారిపోయి అక్కడ మాడుతుంది.

గ్లేజ్ ఎప్పుడు పూయాలి

మొదటి నుంచీ పూస్తూ పోవడమా, చివర్లో పూయడమా? ఈ ఒక్క విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. చివర్లోనే. 180 డిగ్రీల ఓవెన్‌లో గంటకు పైగా ఉన్న చక్కెర పూత అంచుల్లో నల్లబడుతుంది, కాబట్టి రోస్ట్ మొదటి భాగమంతా గ్లేజ్ లేకుండానే సాగాలి.

లాయిన్ అయితే లోపలి వేడి 50 డిగ్రీలకు చేరినప్పుడు మొదటి పూత. అప్పటికి ఇంకా 20-25 నిమిషాలు మిగిలి ఉంటాయి. మొదటి పూత మాంసం మీది కొవ్వు మీంచి జారుతుంది, సరిగా పట్టలేదని అనిపిస్తుంది. కంగారుపడి మందంగా పూయకండి. ఏడెనిమిది నిమిషాలు ఆగి చూస్తే ఆ పల్చటి పొర జిగటగా మారి ఉంటుంది. రెండోది దాన్ని పట్టుకుంటుంది, మూడోది మెరుపు తెస్తుంది. పల్చటి మూడు పూతలు మందపాటి ఒక్క పూత కంటే ఎప్పుడూ మేలు.

షోల్డర్‌కు మూడు నాలుగు గంటలు ఫాయిల్ కింద గడిచాక, మాంసం ఫోర్కుకు సులువుగా విడిపోతున్నప్పుడు ఫాయిల్ తీసి, ట్రేలో చేరిన కొవ్వు వంపేసి, ఓవెన్ 200కి పెంచి 15-20 నిమిషాల్లో రెండు పూతలు. ఇక్కడ పక్కకు వెళ్లకూడదు. అంత వేడిలో మెరుపుకీ మాడుకీ మధ్య రెండు మూడు నిమిషాలే.

చిన్న ఓవెన్లలో పై రాడ్ మాంసానికి బాగా దగ్గరగా ఉంటుంది. గ్లేజ్ వేసే వేళకు కింది అరకు దించండి, లేదా కింది రాడ్ ఒక్కటే ఉంచండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే నేను చెప్పిన వేడికి 20 డిగ్రీలు తగ్గించాలి. మాంసాన్ని జాలీ స్టాండ్ మీద పెట్టి, కింద ట్రేలో అర గ్లాసు నీళ్లు పోస్తే కారిన చక్కెర మాడి ఇల్లంతా పొగ కమ్మదు.

ఎంత వేడికి దించాలి

పోర్క్ అంటే తెల్లగా, గట్టిగా ఉడికి తీరాలన్న భయం ట్రైకినెల్లా అనే పరాన్నజీవి వల్ల వచ్చింది. ఆ భయంతోనే చాలాకాలం 71 డిగ్రీలు అనేవారు. అమెరికా వ్యవసాయ శాఖ 2011లో ఈ సలహా మార్చింది. ముక్కగా ఉన్న మాంసానికి లోపల 63 డిగ్రీలు, తర్వాత కనీసం మూడు నిమిషాల విరామం చాలని చెప్పింది. ఖీమాకు మాత్రం 71 అలాగే ఉంచింది. 63 దగ్గర లాయిన్ మధ్యలో లేత గులాబీ రంగు ఉంటుంది, రసం ఊరుతుంది. అది పచ్చి కాదు.

ఓవెన్ నుంచి తీశాక కూడా లోపలి వేడి మూడు నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. లాయిన్‌ను 60-61 దగ్గర తీసి, ఫాయిల్ వదులుగా కప్పి పదిహేను నిమిషాలు ఉంచి, ముల్లు 63 దాటిందని చూసుకుని కోయాలి. దాటకపోతే మళ్లీ అయిదు నిమిషాలు లోపల పెట్టడమే. ఫాయిల్ బిగించి చుట్టకండి, ఆవిరికి గ్లేజ్ కరిగి జారుతుంది. థర్మామీటర్ మొన ముక్కలో అన్నిటికంటే మందంగా ఉన్న చోట, మధ్యలో ఉండాలి.

మాంసం ఎక్కడినుంచి వచ్చిందో, తనిఖీ జరిగిందో లేదో తెలియకపోతే 71కి వెళ్లండి. ఇంట్లో గులాబీ రంగు చూస్తేనే పళ్లెం పక్కన పెట్టేవాళ్లు ఉన్నా అంతే. కానీ 71 దగ్గర లాయిన్ ఎండుతుంది, టెండర్‌లాయిన్ ఇంకా ఎండుతుంది. అలాంటప్పుడు ముక్కే మార్చుకోవడం తెలివైన పని. షోల్డర్ ఎలాగూ 90 దాకా వెళ్లాలి, అక్కడే దాని రుచి. భద్రత కోసం రుచిని వదులుకోవాల్సిన అవసరం ఆ ముక్కతో రాదు. థర్మామీటర్ లేనివాళ్లకు కూడా ఇదే చెప్తాను. గడియారం చూసి లాయిన్ చేయడం జూదం. షోల్డర్ అయితే ఫోర్కు గుచ్చి తిప్పితే చెప్పేస్తుంది.

వడ్డన, మిగిలింది

లాయిన్, టెండర్‌లాయిన్ నారలకు అడ్డంగా, వేలి మందం కంటే పల్చగా కోయాలి. కోసేటప్పుడు బల్ల మీద చేరిన రసాన్ని మిగిలిన గ్లేజ్‌లో కలిపి ఒకసారి మరిగిస్తే పక్కన పోసుకోవడానికి సాస్ అవుతుంది. తీపి తగ్గి ఉప్పదనం వచ్చిన ఆ సాస్, ఒక్కోసారి గ్లేజ్ కంటే బాగుంటుంది.

ఎక్కువమందికి చేసి మర్నాడు కూడా తినాలనుకుంటే షోల్డర్‌కు సాటి లేదు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. కొంచెం నారింజ రసం చిలకరించి మూత పెట్టి వేడి చేస్తే మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. లాయిన్‌ను తిరిగి వేడి చేస్తే ఎండిపోతుంది. దాన్ని చల్లగానే పల్చగా కోసి, రొట్టె మధ్య ఆవ పేస్ట్‌తో పెట్టుకోవాలి. టెండర్‌లాయిన్ కొన్నంతా ఆ పూటకే అయిపోయేలా చూసుకోండి.